నాన్న ఇంటికొచ్చారు, మీ అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని టీ తాగారు. ఈ మాట ముందు మీకే చెప్పాలనిపించింది.

పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి పాకింది. కుడివైపు ఆరు గడ్డలు, ఎడమవైపు రెండు. అన్నీ ఒకేసారి తీసేస్తే మిగిలే మంచి లివర్ 22 శాతమే. కీమో పడిన లివర్ కాబట్టి కనీసం 30 శాతమైనా ఉండాలని సర్జన్ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. అందుకే రెండు విడతలు. మొదట ఎడమవైపు గడ్డలు తీసి, కుడివైపుకి వెళ్లే పోర్టల్ సిరను, అంటే పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే నాళాన్ని, కట్టేశారు. రక్తమంతా ఎడమకి మళ్లితే ఆ భాగం పెరుగుతుంది. "ఒక మడికి మడవ కడితే నీళ్లు పక్క మడికి పోయినట్టా?" అని నాన్నే అడిగారు. అంతే!

ఆ తర్వాత ఐదు వారాలు ఎదురుచూపు. ఆపరేషన్ కంటే అదే కష్టం. లివర్ పెరక్కపోతే రెండో ఆపరేషన్ లేదు, ఈలోగా గడ్డలు పెరిగినా లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఆ వారాల్లో హాస్పిటల్ దగ్గర తన గది తాళాలు మా చేతిలో పెట్టిన శ్రీను అన్నకి, రోజూ ఉడికించిన గుడ్లు, పప్పు పంపిన పిన్నికి, ఊళ్లో మా వరికి నీళ్లు పెట్టిన బాబాయికి ఏమని చెప్పను? స్కాన్‌లో 34 శాతం అని చూసి అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

కుడివైపు తీసే రెండో ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. ఒక గడ్డ ఎడమ హెపాటిక్ సిరను అంటుకుని ఉంది. మిగిలే లివర్ నుంచి రక్తం గుండెకి వెళ్లే దారి అదొక్కటే. సిర గోడలో ఆ భాగం కోసేసి, నాన్న తొడలోని సిర ముక్కతో అతుకు వేసి కుట్టారు. సర్జన్ గారికి, మత్తు డాక్టరమ్మకి, ఐసీయూలో రోజూ డాప్లర్ స్కాన్ చేసి "రక్తం బాగా పోతోందమ్మా" అని చెప్పిన అక్కకి చేతులెత్తి దండం పెడుతున్నాను.

నాన్నది ఓ నెగెటివ్ బ్లడ్ గ్రూప్. రక్తం కావాలని పెట్టిన నా పోస్ట్ చూసి ఏడుగురు వచ్చారు. అందులో నైట్ షిఫ్ట్ దిగి నేరుగా బ్లడ్ బ్యాంకుకి వచ్చిన తమ్ముడి నంబర్ తీసుకోవడం మర్చిపోయాను. ఇది చూస్తే మెసేజ్ పెట్టు తమ్ముడూ.

మూడు నెలలకి మళ్లీ స్కాన్ ఉంది. టెన్షన్ పోలేదు. కానీ రక్తమిచ్చిన ఏడుగురి అడ్రసులు కావాలని నాన్న పొద్దున్నుంచి అడుగుతున్నారు. కోతలయ్యాక కొత్త బియ్యం పంపిస్తారట. దయచేసి మీ అడ్రసులు పంపండి.