మందులు తగ్గించుకోవడంలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

గత ఎనిమిది నెలలుగా నా మందుల విషయంలో సాయపడినవారందరికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పబోతే నాకు గొంతు పెగలదు.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదలై 11 ఏళ్లయింది. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొరను శత్రువుగా ఎంచి దాడి చేసే జబ్బు ఇది. ఆ దాడిని అణచే మెథోట్రెక్సేట్ వారానికొకసారి, దానికి తోడు ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతూ కొన్నాళ్లకు బాగానే తేరుకున్నాను. ఆ ధీమాతోనే అయిదేళ్ల కిందట ఎవరికీ చెప్పకుండా మెథోట్రెక్సేట్ మానేశాను. మొదటి నెల హాయిగా గడిచింది. రెండో నెల చివర ఒక ఉదయం టూత్‌పేస్టు మూత తిప్పలేక, దాన్ని పళ్ల మధ్య పెట్టుకుని నిలబడి ఉండగా మా చెల్లెలు చూసింది. మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టారు. అది పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, అంతవరకు నొప్పికి అడ్డుకట్టగా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ కూడా ఇచ్చారు.

ఆ కొన్ని వారాలు అయిదేళ్లయ్యాయి. చీటీ తిరగరాసిన ప్రతిసారీ పాత మందులే కొత్త కాగితం మీదికి ఎక్కేవి. ఆపమని డాక్టర్లు చెప్పలేదు, ఎందుకని నేనూ అడగలేదు. ఒకసారి సొంతంగా మానేసి దెబ్బతిన్నదాన్ని కనుక, మందు తగ్గించే మాట ఎత్తడమే అపరాధమని నాకు నేనే తీర్మానించుకున్నాను.

ఆ మౌనాన్ని మొదట కదిపినది మా ఫార్మసిస్టు గారు. "అమ్మా, ఈ 5 మిల్లీగ్రాముల మాత్ర ఇంకా ఎన్నాళ్లు వాడమన్నారు?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. మెథోట్రెక్సేట్ అట్ట మీద "బుధవారం మాత్రమే, 8 మాత్రలు" అని పెన్నుతో రాసి ఇచ్చేదీ ఆవిడే. వారానికొకసారి వేసుకోవలసిన ఆ మందును పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ తరవాత కొత్తగా కలిసిన రుమటాలజిస్టు (కీళ్లవాతపు జబ్బుల డాక్టరు) గారికి నేను ఎక్కువగా రుణపడి ఉన్నాను. ఆయన రిపోర్టులు పక్కన పెట్టి, తన బొటనవేలి గోరు తెల్లబడేంతగా నా ఒక్కొక్క కీలును నొక్కి చూశారు. జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి లెక్కలోకి తీసుకునే కీళ్లు 28: భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్లు, మోకాళ్లు. పాదాలు ఆ లెక్కలో లేవు. నా బాధ పాదాలలోనే ఉంది. చెప్పులు విప్పించి వాటినీ చూసి, అల్ట్రాసౌండ్ చేయించి, అక్కడ జబ్బు రగలడం లేదని, పాత అరుగుదల వల్ల వచ్చే నొప్పి అని తేల్చారు. నొప్పి ఉన్నంతమాత్రాన జబ్బు విజృంభించినట్టు కాదని అంత వివరంగా నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదన్నారు. దీర్ఘకాలం వాడితే ఒంట్లో సహజంగా స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని తాము చేయడం మానుకుంటాయి కనుక, నెలకు 1 మిల్లీగ్రాము చొప్పున దించాలన్నారు. మెథోట్రెక్సేట్‌ను కూడా అప్పుడే తగ్గించమని నేను పట్టుబడితే, "రెండూ ఒకేసారి దించితే, రేపు వాపు వస్తే దేనివల్ల వచ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు" అని ఒప్పుకోలేదు. ఎముకల సాంద్రత పరీక్ష, నేను రెండేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చిన కంటి రెటీనా స్కాన్ ఈలోగా పూర్తయ్యాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడితే రెటీనా దెబ్బతినవచ్చు; నా కళ్లు బాగున్నాయి కనుక ఆ మందు అలాగే కొనసాగుతోంది.

2 మిల్లీగ్రాముల దగ్గర ఒళ్లంతా పులిసినట్టయి, పది రోజులు మంచం దిగాలంటే ఏడుపొచ్చింది. అప్పుడు ఫోనులో మాట్లాడిన నర్సు గారిని మరచిపోలేను. కంగారు పడవద్దని ఊరికే ఓదార్చకుండా, పొద్దున్నే కీళ్ల బిగువు ఎన్ని నిమిషాలు ఉంటోంది, ఏ వేలైనా ఉబ్బిందా, ఉంగరం ఎక్కుతోందా అని ఒక్కొక్కటే అడిగారు. బిగువు పావుగంటకు మించలేదు, ఉంగరం ఎక్కుతోంది, ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ రక్తపరీక్ష మామూలుగానే ఉంది. అది జబ్బు కాదు, స్టెరాయిడ్ తగ్గినందుకు ఒళ్లు చేస్తున్న మారాం. డాక్టరు గారితో మాట్లాడి ఇంకో నెల అక్కడే ఆగమన్నారు. ఆగాను.

అదే జబ్బుతో ఏళ్లుగా ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లు రోజూ సాయంత్రం నా పరిస్థితి అడిగి తెలుసుకున్నారు; తమ మోతాదులు చెప్పి నన్ను పోల్చుకోనివ్వకపోవడం వారి పెద్దమనసు. నేను రాసిన అంకెలు కూడా నా ఒంటికి సరిపోయినవే, దయచేసి ఎవరూ వాటిని తమకు వర్తింపజేసుకోవద్దు. ఇక మా చెల్లెలికి థాంక్స్ చెబితే కోప్పడుతుంది కనుక ఇక్కడ దొంగచాటుగా చెబుతున్నాను.

ప్రెడ్నిసోలోన్ ఆగి రెండు నెలలు దాటింది. ఆరు నెలలకు పైగా జబ్బు నిమ్మళంగా ఉందని చూసుకున్నాకే, పోయిన వారం మెథోట్రెక్సేట్ 20 నుంచి 15 మిల్లీగ్రాములకు దించారు. కాలేయం, రక్తకణాల పరీక్షలు యథావిధిగా సాగుతాయి. వాపు తిరగబెడితే పాత మోతాదుకే వెళ్లవలసి రావచ్చు, అందుకూ సిద్ధంగానే ఉన్నాను. మొన్న మందులు తీసుకోవడానికి వెళ్తే ఫార్మసిస్టు గారు చీటీని రెండుసార్లు చదివి, అలవాటుగా అట్ట మీద రాసేసిన 8 అంకెను కొట్టివేసి, పక్కన 6 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి ఇచ్చారు.