పాటిదిబ్బల కింద ఊళ్ళున్నాయి, చూసి తవ్వుదాం

సంపాదకులకు నమస్కారం.

నేను కోనసీమలో మామిడికుదురు వైపు పొక్లెయిన్ నడుపుతాను. చేపల చెరువులు తవ్వడం, దిబ్బలు చదును చేయడం, ఇళ్ళ స్థలాలకు మెరక తోలడం మా పని.

పోయిన వేసవిలో ఒక పాటిదిబ్బ (పాతకాలపు ఊరు ఉండిపోయిన మట్టిదిబ్బ) అంచున చెరువు తవ్వుతుంటే, నిలువెత్తు లోతులో బకెట్‌కి ఒరలు తగిలాయి. సిమెంటువి కావు, కాల్చిన మట్టివి. మిషన్ ఆపి దిగి చూశాను. నుయ్యి! అడుగున నల్లటి బురదలో చిన్న ముంత, మూతి కూడా విరగలేదు. నీళ్ళు తోడుతుంటే చేంతాడు జారి పడిపోయినదే అయ్యుంటుంది. నుయ్యి ఉందంటే పక్కన ఇల్లుంది, ఇంటి ముందు వీధి ఉంది, "అయ్యో, పోయిందే" అనుకుంటూ నూతిలోకి తొంగిచూసిన ఇల్లాలు ఉంది. మర్నాటికి అక్కడ చెరువు గట్టు వేసేశారు. పైకి తెలిస్తే పొలం లాగేసుకుంటారని రైతు భయం.

ఆ భయాన్ని నేను తప్పుపట్టను. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. కుండపెంకులు, ఇటుకలు, నూతి ఒరలు దొరికితే ఎవరికి చెప్పాలో, చెబితే పొలం ఏమవుతుందో మా ఊళ్ళకు వచ్చి విడమరిచి చెప్పినవాళ్ళు లేరు.

ఈ దిబ్బలు వాటంతటవే లేవలేదు. మట్టి గోడ కూలితే దాన్నే చదును చేసి మళ్ళీ ఇల్లు కట్టుకున్నారు, అలా తరాల తరబడి. వరద నీళ్ళు అందని చోటు కాబట్టి అక్కడే ఉన్నారు. చుట్టూ పల్లంలో గోదారి ఏటేటా ఒండ్రు పరుచుకుంటూ పోయింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల నీళ్ళొచ్చాక పొలాలు పెరిగాయి. పాటిమన్ను మంచి ఎరువని దిబ్బల్ని బండ్లతో తోలుకున్నారు. ఇప్పుడు టిప్పర్లు వచ్చాయి, ఒక్క రాత్రి చాలు. మా పక్కనే ఆదుర్రులో 1953లో తవ్వకాలు జరిగాయి కాబట్టి గోదారి పాయ వైనతేయ ఒడ్డున బౌద్ధ స్తూపం మిగిలింది. ఆ స్తూపానికి వచ్చి మొక్కినవాళ్ళు ఏ ఊళ్ళలో ఉండేవాళ్ళు? ఆ ఊళ్ళ మీదే మనం కాపురాలు చేస్తున్నామేమో!

కాకినాడ దగ్గరి కోరంగి సంగతీ అంతే. ఓడలు కట్టిన రేవు అది. 1789లో ఉప్పెన ముంచింది, 1839 నవంబరు 25న మళ్ళీ ముంచింది. ఆ తర్వాత రేవు మేట వేసింది, వ్యాపారం కాకినాడకు పోయింది. అయినా బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలనే పిలిచేవాళ్ళు. ఏటా నవంబరు 25న జిల్లా అంతా ఒక్క నిమిషం మౌనంగా నిలబడితే బాగుంటుందని నా కోరిక. సంక్రాంతికి మన పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం కదా. ఆ ఉప్పెనల్లో పోయినవాళ్ళూ మన పెద్దలే.

పాటిదిబ్బ తవ్వకానికి అనుమతి ఇచ్చేముందు పురావస్తు శాఖ మనిషి ఒకసారి వచ్చి చూడాలి. పొలం ఎక్కడికీ పోదని రైతుకు రాసివ్వాలి. దొరికిన వస్తువులు ఆ ఊరి పంచాయతీ ఆఫీసులోనే అద్దాల బీరువాలో పెట్టాలి, ఎక్కడ దొరికాయో తెలుగులో రాసి. పిల్లలు రోజూ ఆ దారినే బడికి పోతారు.

ఇంకొకటి. భూమిలో ఉన్నది ముందు కనబడేది మాకే, అంటే మిషన్ ఆపరేటర్లకే. ఏది మామూలు పెంకో, ఏది కాదో, ఎక్కడ బకెట్ ఆపాలో ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి. వానాకాలంలో మాకు పని తక్కువ, అప్పుడు పెడితే అందరం వస్తాం.

ఇట్లు,
ఒక పొక్లెయిన్ ఆపరేటర్,
మామిడికుదురు మండలం, కోనసీమ