ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి: మా పర్యావరణ శాస్త్రం డిగ్రీకి ఒక ల్యాబ్, ఒక లెక్చరర్ ఇప్పించండి

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

సార్, మీకు నేను రాస్తున్న ఉత్తరాల్లో ఇది ఐదోది. మొదటి నాలుగూ మీ దాకా వచ్చాయో లేదో తెలియదు. ఒకటి మా ప్రిన్సిపాల్ గారి సంతకంతో పైకి పంపాం. రెండు రిజిస్టర్డ్ పోస్టులో వేశాం. నాలుగోది ఒక సోమవారం అర్జీల క్యూలో పొద్దున్నే నిలబడి, మధ్యాహ్నానికి ఇచ్చి, రసీదు తీసుకున్నాం. కొన్నాళ్ళకు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఆ రాత్రి హాస్టల్లో మాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషపడ్డాం. మర్నాడు కాలేజీకి పోయి చూస్తే ల్యాబ్ గదికి అదే తాళం. ఏం పరిష్కారమైందో ఎవరిని అడిగినా చెప్పలేదు. అందుకే ఈసారి పదిమందీ చూసేలా రాస్తున్నాను.

నేను తిరుపతి జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పర్యావరణ శాస్త్రం మేజర్‌గా బీఎస్సీ ఆనర్స్ చదువుతున్నాను. ఐదో సెమిస్టర్. మేం 14 మందిమి. డిగ్రీ అంతా ఒకే ప్రధాన సబ్జెక్టుగా చదివే సింగిల్ మేజర్ గురించి, ఆన్‌లైన్‌లో కాలేజీ, కోర్సు ఎంచుకునే వెబ్ ఆప్షన్ల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు, అవన్నీ మీకు తెలిసినవే. మా గదిలో ఏం జరుగుతోందో మాత్రం మీకు తెలియదని అనుకుంటున్నాను. తెలిసి ఉంటే ఇన్నాళ్ళు ఊరుకునేవారు కాదు.

మాది పలమనేరు వైపు పల్లె. ఇంటర్ బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి. నర్సింగ్‌కు పొమ్మన్నారు, కంప్యూటర్ కోర్సు తీసుకోమన్నారు. నేనే పట్టుబట్టి ఇందులో చేరాను. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగొచ్చి టమాటా తోట తొక్కిపోయిన తెల్లవారి మా నాయన గట్టు మీద కూర్చున్న తీరు నాకు చిన్నప్పటి నుంచీ గుర్తు. ఏనుగు ఎందుకొస్తుంది, బోరు ఎందుకు ఎండిపోతుంది, చెరువు నిండినా బావిలోకి నీళ్ళెందుకు రావు, ఇవన్నీ చెప్పే చదువు ఒకటుందని తెలిసినప్పుడు, ఇది నా కోసమే పెట్టారనుకున్నాను.

ఇక ప్రాక్టికల్స్ సంగతి చెబుతాను సార్. దయచేసి ఇది పూర్తిగా చదవండి.

నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కనుక్కోవడం మా సబ్జెక్టులో ఓనమాల్లాంటిది. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్ళు పట్టాలి. అందులో మాంగనీస్ సల్ఫేట్, తర్వాత ఆల్కలీ అయోడైడ్ వేస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆమ్లం పోస్తే ఆ మడ్డి కరిగిపోతుంది. స్టార్చ్ కలిపాక నీలం వస్తుంది. సోడియం థయోసల్ఫేట్‌ను బ్యూరెట్ నుంచి బొట్టు బొట్టుగా వదులుతూ, నీలం మాయమైన చోట ఆపాలి. ఇదంతా తడుముకోకుండా చెప్పగలను. కానీ ఆ నీలం రంగును నేను ఫోనులోనే చూశాను. ఆ మడ్డిని కళ్ళతో చూడలేదు. నా రికార్డులో మాత్రం స్వర్ణముఖి నీటిలో ఆక్సిజన్ లీటరుకు 6.8 మిల్లీగ్రాములు అని నీట్‌గా రాసి, గళ్ళు గీసి, సంతకం చేయించుకున్నాను. మా 14 మంది రికార్డుల్లోనూ 6.8. సీనియర్ల రికార్డుల్లోనూ అదే. మేమెవరం స్వర్ణముఖి దగ్గరికి సీసా పట్టుకుని పోలేదు. నది ఏడాదిలో ఎన్ని నెలలు పారుతుందో ఈ ప్రాంతం వాళ్ళకు తెలుసు. ఏ రోజు, ఏ రేవులో, ఎన్ని గంటలకు పట్టిన నీళ్ళు అని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఆ అంకె రాసిన రోజు నాకు దొంగతనం చేసినట్టుంది సార్. మార్కులు 50కి 46 వచ్చాయి. ఇంట్లో చెప్పుకోబుద్ధి కాలేదు.

మా ల్యాబ్‌లో ఏముందో కూడా చెబుతాను. నీటిలో ఆమ్లగుణం, క్షారగుణం కొలిచే పీహెచ్ మీటర్ ఒకటి ఉంది. దాని ఎలక్ట్రోడ్‌ను ఎప్పుడూ ద్రావణంలో ముంచి ఉంచాలి. చూసుకునేవాళ్ళు లేక ఎండిపోయింది, ఇక పనిచేయదు. నీటిలోని మురికిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే బీఓడీ పరీక్ష కోసం నీళ్ళను ఐదు రోజులు 20 డిగ్రీల దగ్గర ఉంచే ఇంక్యుబేటర్ కావాలి, అది లేదు. గాలిలో ధూళి కొలిచే యంత్రం బొమ్మ పుస్తకంలో ఉంది. కెమిస్ట్రీ వాళ్ళ ల్యాబ్ వాడుకుంటామని బతిమాలితే, వాళ్ళ బ్యాచ్‌లకే గంటలు చాలడం లేదన్నారు. అది నిజమే, వాళ్ళను తప్పుపట్టను.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా పెదనాయన ఒక సీసా నిండా బోరు నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు. "పాపా, నువ్వు చదివేది నీళ్ళ చదువే కదా. ఈ బోరు 900 అడుగులు పోయింది. మీ అవ్వకు మోకాళ్ళు వంగడం లేదు. చిన్నోడి పండ్ల మీద మచ్చలు పడతా ఉండాయి. ఈ నీళ్ళు తాగొచ్చునా లేదా, చూసి చెప్పు" అన్నాడు. ఇట్లాంటి ఇబ్బందులు తెచ్చే ఫ్లోరైడ్ తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారని నాకు తెలుసు. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు. కానీ ఆ సీసాలో ఎంతుందో చెప్పే సాధనం మా కాలేజీలో లేదు, నా చేతికి ఆ పని రాదు. సీసా తిరుపతికి తెచ్చి హాస్టల్ గదిలో పెట్టుకున్నాను. నీళ్ళ పరీక్షకు ప్రభుత్వ ల్యాబులు ఉన్నాయి, తర్వాత మళ్ళీ నీళ్ళు పట్టించి అక్కడికే పంపాం. కానీ సార్, పెదనాయన అడిగింది నన్ను. మూడేళ్ళు చదివిన పిల్లను. ఆయనకు ఫోన్ చేసి, మాకు అది నేర్పలేదు పెదనాయనా అని చెప్పినప్పుడు, ఆయన కాసేపు ఏమీ మాట్లాడకుండా, "పోనీలే పాపా" అన్నాడు. ఆ మాట నాకింకా చెవుల్లోనే ఉంది.

నేర్పేవాళ్ళు ఎందుకు లేరంటే, మాకు రెగ్యులర్ లెక్చరర్ పోస్టే లేదు. మొదటి ఏడాది ఒక గెస్ట్ లెక్చరర్ మేడం వచ్చారు. పీజీ ఈ సబ్జెక్టులోనే చేశారు, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కూడా పాసయ్యారు. పాఠం చెబితే అట్లానే గుర్తుండిపోయేది. కాలేజీ వెనక ఖాళీ స్థలంలో నాలుగు కర్రలు పాతి, తాడు కట్టించి, ఆ చదరంలో ఎన్ని రకాల మొక్కలున్నాయో మా చేత లెక్కపెట్టించారు. మూడేళ్ళలో మేం నిజంగా చేసిన ప్రాక్టికల్ అదొక్కటే. గంటల లెక్కన ఇచ్చే డబ్బులు నెలల తరబడి రాకపోయేసరికి ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో చేరిపోయారు. వెళ్ళేముందు మాకు సారీ చెప్పారు సార్, ఆవిడ చెప్పారు సారీ. తర్వాత బోటనీ సార్ తనకు వచ్చిన యూనిట్లు చెప్పారు. మిగిలినవి మేమే చదువుకున్నాం.

ఇంకో మాట. డిగ్రీ చదివే ప్రతి ఒక్కరికీ పర్యావరణ విద్య ఉండాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ పేపరు ఇప్పటికీ అన్ని గ్రూపులకూ ఉంది. మా కాలేజీలో దాన్ని కామర్స్ సార్ చెబుతున్నారు, ఆయనకు గంటలు తక్కువ ఉన్నాయని. మంచివారు, పాపం, గైడు చదివి చెబుతారు. ప్రతి డిగ్రీ కాలేజీలోనూ ఈ పేపరు ఉన్నప్పుడు, ఈ సబ్జెక్టులో పీజీ చేసినవాళ్ళకు ఒక పోస్టు ఇవ్వడానికి ఏం అడ్డమో మాకు అర్థం కావడం లేదు. ఆ పోస్టుంటే మా మేడం వెళ్ళిపోయేవారు కాదు.

ఫీల్డ్ విజిట్ల గురించి రాయాలంటే బాధగా ఉంది. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ కొసన ఉన్న కొండల్లోనే. కాలేజీ మేడ మీద నుంచి చూస్తే ఆ కొండలు కనిపిస్తాయి. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం ఇప్పుడు మా జిల్లాలోవే, బస్సెక్కితే పొద్దున పోయి రాత్రికి రావచ్చు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింద పల్లెలన్నీ వణికినప్పుడు, నేను ఇంకా స్కూల్లో ఉన్నాను. ఆ వరద ఎందుకొచ్చింది, వాగులు ఎక్కడ మూసుకుపోయాయి, చెరువు నుంచి చెరువుకు నీళ్ళు పోయే కాలువలు ఏమయ్యాయి, ఇవి గీసుకుని కొలుచుకుని రావడానికి మాకు కావలసింది ఒక బస్సు, దారి చూపే మనిషి. మూడేళ్ళలో సొంత డబ్బులతో ఒకసారి జూపార్కుకు పోయొచ్చాం. పులికాట్‌కు ఒప్పుకోలేదు, నిధులు లేవన్నారు.

ఇంటర్న్‌షిప్ కూడా అంతే. 2025లో అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొంది కర్ణాటక నుంచి వచ్చిన కుంకీ ఏనుగులను ముసలిమడుగు శిబిరంలో ఉంచారు. మా ఊరికి దగ్గర. ఆ పని చూసి నేర్చుకోవాలని ఎంత ఆశపడ్డానో. ఎవరికి రాయాలి, ఏ కాగితం కావాలి అని చెప్పడానికి మా సబ్జెక్టు మనిషి కాలేజీలో లేరు. గడువు దగ్గర పడితే ఏదో ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ పెట్టి అయిందనిపించాను.

ఉద్యోగాల మాట మీ చేతిలో మొత్తం లేదని తెలుసు. రాష్ట్రంలో ఫారెస్ట్ రేంజి ఆఫీసరు పోస్టులకు మా సబ్జెక్టును ఒప్పుకుంటారు, అది మాకు ధైర్యం. కానీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, జియాలజీ, లెక్కలు, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, పశువైద్యం, వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ చదివినవాళ్ళు రాయొచ్చు. పర్యావరణ శాస్త్రం పేరు ఆ జాబితాలో లేదు. ఈ సంగతి చేరేటప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. పాత పద్ధతిలో మూడు సబ్జెక్టులు ఉండేవి కాబట్టి పక్కన కెమిస్ట్రీయో బోటనీయో తోడుండేది. సింగిల్ మేజర్‌లో ఆ ఆసరా కూడా తగ్గిపోయింది. ఢిల్లీకి ఒక ఉత్తరం రాయండి సార్. మా తరఫున మీరు రాస్తే దానికి విలువుంటుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన దెబ్బ ఏమిటంటే, మా తర్వాతి బ్యాచ్‌లో ఆరుగురే చేరారు. ఆ తర్వాత వెబ్ ఆప్షన్లలో మా కాలేజీ కింద ఈ మేజర్ పేరే కనబడలేదు. ఆదరణ లేదు కాబట్టి తీసేశారట. లెక్చరర్‌ను ఇవ్వకుండా, ల్యాబ్ తెరవకుండా, ఉద్యోగాల సంగతి చెప్పకుండా పిల్లలు రాలేదంటే ఎట్లా సార్? మా చెల్లెలు ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేస్తుంది. ఇందులోనే చేరతానంటోంది. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, రమ్మని చెప్పే ధైర్యమూ లేదు.

మేం అడిగేది పెద్దది కాదు. ఒక లెక్చరర్‌ను ఇవ్వండి, రెగ్యులర్ కాకపోయినా నెలనెలా జీతం అందేలా. ఆ గది తాళం తీయించండి. కెమికల్స్, కొన్ని గాజు సామాన్లు, నీటి పరీక్షకు కిట్లు, ఒక ఇంక్యుబేటర్. ఏడాదికి రెండుసార్లు బస్సు. తీసేసిన మేజర్‌ను మళ్ళీ పెట్టించండి. ముందు లెక్చరర్‌ను ఇవ్వండి సార్, మనిషంటూ ఉంటే మిగతావి మేం అడిగి తెచ్చుకుంటాం.

మా చివరి ప్రాక్టికల్ పరీక్షలకు ఇంకా కొన్ని నెలలుంది. ఈసారి రికార్డులో 6.8 అని రాయడం మాకు ఇష్టం లేదు. మీ వాళ్ళను ఒక్కసారి పంపి చూడమనండి. ఏ రోజు వచ్చినా మేం 14 మందిమీ ల్యాబ్ గది ముందు ఉంటాం.

ఇట్లు,
బీఎస్సీ ఆనర్స్ మూడో సంవత్సరం విద్యార్థిని,
పర్యావరణ శాస్త్రం మేజర్,
తిరుపతి జిల్లా