గాజు పళ్లెంలో చచ్చిన కణాలకు అంత హెడ్డింగా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో 'క్యాన్సర్‌కు ఇక లైటుతో చెక్' అని బ్యానర్ వేశారు. లైటు పడితే క్యాన్సర్ కణాలను చంపే కొత్త రసాయనం తయారైందన్నది ఆ వార్త. ఎవరైనా డాక్టరు గారు స్పందిస్తారేమోనని ఇన్నాళ్లు చూశాను. ఎవరికీ పట్టినట్టు లేదు.

వెలుగు పడితే పనిచేసే కొత్త రసాయనాలు తయారు చేస్తున్నారంటే, కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని, నాకు సంతోషమే. కానీ ఆ రసాయనం చంపింది ల్యాబులో గాజు పళ్లెంలో పెంచిన కణాలను. ఆ సంగతి చివరి పేరాలో, అదీ ఒక్క లైను. మనిషి దాకా ఎందుకు, ఎలుక మీద కూడా ఇంకా చూడలేదు.

ఈ వైద్యం నిన్నమొన్నటిదీ కాదు. ఫోటోఫ్రిన్ అనే మందుకు 1993లో కెనడా, 1995లో అమెరికా అనుమతి ఇచ్చాయి. రక్తంలోకి ఎక్కించిన మందు గడ్డలో చేరాక దాని మీద 630 నానోమీటర్ల ఎర్ర లేజర్ వేస్తారు. అప్పుడు అక్కడున్న ఆక్సిజన్, క్యాన్సర్ కణాలను చంపే రూపంలోకి మారుతుంది. చిక్కేమిటంటే ఆ కాంతి ఒంట్లోకి దిగేది కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే ఒక సెంటీమీటరు. పైగా మందు ఎక్కించుకున్నాక కనీసం 30 రోజులు ఒంటికి ఎండ తగలనివ్వొద్దు. వరంగల్ మే ఎండల్లో ఉపాధి పనికి పోయే మనిషికి ఆ మాట ఎవరు చెప్పాలి? ఇంకాస్త లోతుకు పోయే కాంతిని పట్టుకునేవి, ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోయేవి కావాలనే శాస్త్రవేత్తలు కొత్తవాటి కోసం తంటాలు పడుతున్నారు. అసలు వార్త ఇది. మీరు వేయనిదీ ఇదే.

పరకాల నుంచి మా బంధువు ఒకాయన మీ పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. బుగ్గ లోపల పుండు, నోరు సగమే తెరుచుకుంటుంది. డాక్టర్లు ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారట. "గీ లైటు వచ్చినంక చూద్దాం తియ్ సారూ, కోసుడెందుకు" అంటున్నాడు. నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన నోట్లో ఆ పుండు లేపిన గుట్కా మీద నిషేధం ఉందని బోర్డులున్నాయి. బస్టాండు పక్క పాన్ డబ్బాలో అడిగితే చాలు, చేతిలో పెడతారు. ఆ డబ్బా ఒక్క అధికారికీ కనబడదు.

ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ డే అని శాలువాలు కప్పుకునే పెద్దలకు ల్యాబుల గోడు పట్టదు. నేను పనిచేసిన కాలేజీలో ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ బల్బు కాలిపోతే, ఫైలు హైదరాబాద్ పోయి వచ్చేసరికి ఆ బ్యాచ్ పిల్లలు పరీక్షలు రాసి వెళ్లిపోయారు. బల్బుకే దిక్కులేని చోట లేజర్ వైద్యం రేపో మాపో వస్తుందని మీరు రాస్తారు, మేం నమ్మాలి.

ఇకనుంచి ఇలాంటి వార్త వేస్తే పళ్లెంలో చూశారా, ఎలుకలో చూశారా, మనుషుల్లో చూశారా అన్నది హెడ్డింగ్ కిందే వేయండి. జాగా లేదంటారా, అదే పేజీలో పావు వంతు మింగిన నాయకుడి పుట్టినరోజు ఫొటో కొంచెం చిన్నది చేయండి.

- ఒక రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ