వార్షిక నివేదిక: బీమ్ టైమ్ కోసం ఈ ఏడాది సాగిన సన్నాహాలు

సభ్యులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కళాశాలల్లో భౌతికశాస్త్రం చెప్పేవారూ పరిశోధక విద్యార్థులూ కలిసి నడుపుకుంటున్న మన సంఘం ఈ ఏడాది ఎక్కువగా ఒకే పని మీద నిలిచింది. కేంద్రక భౌతిక ప్రయోగానికి బీమ్ టైమ్ (యాక్సిలరేటర్ యంత్రం వేగం పెంచి పంపే అయాన్ల పుంజాన్ని వాడుకునే సమయం) ఎలా అడగాలి, దొరికిన షిఫ్టులు వృథా పోకుండా సామగ్రిని ఎలా సిద్ధం చేసుకోవాలి అన్నదే ఆ పని. మన జిల్లాల వాళ్లు యాక్సిలరేటర్ కావాలంటే ఢిల్లీ ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లోని 15 యుడి పెల్లెట్రాన్‌కో, ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోని పెల్లెట్రాన్‌కో, 1977లో తొలి బీమ్ ఇచ్చిన కోల్‌కతా సైక్లోట్రాన్‌కో వెళ్లాల్సిందే. అక్కడ ఒక షిఫ్టు అంటే 8 గంటలు. అక్కడికి వెళ్లాక చూసుకుందాం అనుకుంటే మొదటి షిఫ్టు కేబుళ్లు వెతకడంతోనే తెల్లారుతుంది. ఇక్కడ చేయగలిగిన పని ఏదీ అక్కడి దాకా వాయిదా వేయకూడదన్నదే కార్యవర్గం అభిప్రాయం.

దరఖాస్తులు

దరఖాస్తు రాయడం మీద జరిగిన తరగతుల్లో ముందు యంత్రం స్వభావమే చెప్పుకున్నాం. పెల్లెట్రాన్ టాండెమ్ రకం, అంటే ఒకే వోల్టేజిని రెండుసార్లు వాడుకునేది. రుణ అయాన్ మధ్యలో ఉన్న టెర్మినల్ దాకా వచ్చి, పల్చటి కార్బన్ రేకులో ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ధన అయాన్‌గా మారి మళ్లీ వేగం పుంజుకుంటుంది. టెర్మినల్ 12 మిలియన్ వోల్టుల దగ్గర ఉండి, ఆక్సిజన్-16 అయాన్ 7 ధనావేశాలతో బయటికొస్తే శక్తి సుమారు 96 ఎంఇవి (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు). 8 ధనావేశాలైతే 108 వస్తుంది కానీ అలాంటి అయాన్లు తక్కువ, కరెంటు పడిపోతుంది. ఆర్గాన్ రుణ అయాన్‌గా నిలవదు కాబట్టి ఇక్కడ ఆర్గాన్ బీమ్ అడిగి ప్రయోజనం లేదు. నైట్రోజన్‌దీ అదే ఇబ్బంది. సయనైడ్ అయాన్‌గా పంపితే టెర్మినల్‌లో అది విడిపోతుంది, మొదటి సగంలో వచ్చిన శక్తిలో 26కి 14 వంతులే నైట్రోజన్‌కు దక్కుతుంది. శక్తి లెక్కలో ఈ తేడా మరిచిన దరఖాస్తు కమిటీ ముందు నిలబడదు.

ఎన్ని షిఫ్టులు కావాలో చెప్పేటప్పుడు అంచనా కాదు, గుణకారం కావాలి. ఒక పార్టికల్ నానోఆంపియర్ బీమ్ అంటే సెకనుకు 624 కోట్ల అయాన్లు. ద్రవ్యరాశి సంఖ్య 100 ఉన్న టార్గెట్ (బీమ్ తగిలే పల్చటి రేకు) చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీగ్రాము మందం, క్రాస్ సెక్షన్ (చర్య జరిగే అవకాశానికి కొలత) 100 మిల్లీబార్న్ అనుకుంటే సెకనుకు సుమారు 3,760 చర్యలు జరుగుతాయి. మనకు కావలసిన గామా కిరణాల జంట వాటిలో నూటికి ఒకటిలోనే వస్తుందనీ, ఒక్కో గామాను డిటెక్టర్ల వరుస పూర్తి శక్తితో పట్టుకునే సామర్థ్యం 2 శాతమనీ అనుకుంటే, ఒక షిఫ్టులో దొరికేవి దాదాపు 430 జంటలు. గామాలు ఏ కోణంలో ఎన్ని వస్తాయో చెప్పే కోణీయ వితరణ తీయాలంటే ఇది చాలదు, ఆరు షిఫ్టులైనా అడగాలి. ఈ లెక్క చూపించి అడిగితే ఎవరూ కాదనరు.

టార్గెట్లు

ఎక్కువ ప్రయోగాలు చెడేది ఇక్కడే అని మా గట్టి నమ్మకం. అందుకే ఏడాదిలో ఎక్కువ సమయం దీనికే పెట్టాం. శుద్ధి చేసిన ఐసోటోపు మిల్లీగ్రాముల్లోనే దొరుకుతుంది, ధర ఎక్కువ. సాగే లోహమైతే స్టీలు రేకుల మధ్య పెట్టి రోలింగ్ యంత్రంలో నొక్కడం మేలు. పదార్థం దాదాపు అంతా మిగులుతుంది. వాక్యూమ్‌లో ఆవిరి పట్టిస్తే అది నలువైపులకూ పోతుంది, రేకు మీద చేరేది కొంచెమే. పల్చటి టార్గెట్‌కు వేరే దారి లేదు కాబట్టి ముందు మామూలు లోహంతో సాధన చేసి, చేయి కుదిరాకే ఖరీదైన ఐసోటోపు ముట్టుకోవాలని నియమం పెట్టుకున్నాం. టార్గెట్‌ను మోసే కార్బన్ ఆధారం కావాలంటే గాజు పలక మీద ముందు బేరియం క్లోరైడ్ పూత, దానిమీద కార్బన్. పలకను ఏటవాలుగా, మెల్లగా, గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లోకి దించితే ఉప్పు కరిగి కార్బన్ పొర తేలుతుంది. దాన్ని ఫ్రేముతో కిందనుంచి ఎత్తాలి. తొందరపడితే ముడతలు పడి చిరుగుతుంది.

మందం కొలవడానికి అమెరిషియం-241 ఆల్ఫా చాలు, టార్గెట్ దాటేటప్పుడు అది కోల్పోయే శక్తిని బట్టి మందం తెలుస్తుంది. టార్గెట్ లేకుండా 5.486 ఎంఇవి. చదరపు సెంటీమీటరుకు మిల్లీగ్రాము మందమున్న బంగారం దాటాక దాదాపు 0.22 ఎంఇవి తగ్గుతుంది. అదే 40 మైక్రోగ్రాముల కార్బన్‌లో తగ్గేది 0.03 మాత్రమే. సిలికాన్ డిటెక్టర్ స్పష్టతే దాదాపు 0.02 కాబట్టి పల్చటి ఆధారాల మందానికి ఈ పద్ధతిని నమ్ముకోకూడదు.

మన తీరప్రాంతపు గాలిలో తేమ టార్గెట్లకు శత్రువు. ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాల నెలల్లో కాల్షియం, నియోడిమియం వంటివి బయట పెడితే ఆక్సీకరణ చెందుతాయి. ఆ ఆక్సిజన్‌తో బీమ్ జరిపే చర్యల గామాలు మన స్పెక్ట్రమ్‌లో కలిసిపోతాయి. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో ఉంచాలి, గుళికలు రంగు మారగానే వేయించి వాడాలి. ప్రయాణానికి వాక్యూమ్ పట్టే చిన్న డబ్బా తప్పనిసరి. టార్గెట్లను వరుసగా బిగించే ప్రతి లాడర్‌లోనూ ఒక ఖాళీ ఫ్రేము పెట్టుకోమని సభ్యులను పదేపదే కోరుతున్నాం. ఖాళీ ఫ్రేము మీద కూడా కౌంట్ రేటు ఎక్కువుంటే బీమ్ అంచులు ఫ్రేముకు తగులుతున్నట్టు. టార్గెట్‌ను నిందించే ముందు ఫోకస్ సరిచేయించాలి.

వాక్యూమ్, డిటెక్టర్లు

ఓ-రింగ్ (గాలి చొరబడకుండా పెట్టే రబ్బరు వలయం) మీద ఒక్క వెంట్రుక ఉన్నా టార్గెట్ ఉండే ఛాంబర్‌లో పీడనం మిల్లీబార్‌లో పదిలక్షో వంతుకు దిగదు. అనుమానమున్న చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసి గేజ్ కదులుతుందేమో చూడాలి. లీకు ఎక్కడా దొరక్కపోతే అడుగు మూసుకుపోయిన మరరంధ్రంలో చిక్కిన గాలి కావచ్చు. మరకు నిలువునా గాడి తీస్తే సరిపోతుంది. ఆల్ఫా వంటి కణాలను పట్టే సర్ఫేస్ బ్యారియర్ డిటెక్టర్‌కు వోల్టేజి పూర్తి వాక్యూమ్ వచ్చాకే ఇవ్వాలి, గాలి వదిలేముందు తీసేయాలి. మధ్యస్థ పీడనంలో డిశ్చార్జి జరిగితే డిటెక్టర్ పోయినట్టే.

గామాలను కొలిచే క్లోవర్ జెర్మేనియం డిటెక్టర్లు యాక్సిలరేటర్ కేంద్రాలవే. వాటి నియమాలు మాత్రం ఇక్కడే కంఠతా రావాలి. ద్రవ నత్రజనితో, అంటే 77 కెల్విన్ దగ్గర, పూర్తిగా చల్లబడ్డాకే బయాస్ వోల్టేజి మెల్లగా పెంచాలి. యూరోపియం-152తో 121.8 నుంచి 1408 కెఇవి (వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు ఒక కెఇవి) దాకా క్యాలిబ్రేషన్ చేయాలి. ప్రయోగం నడుస్తుండగా గోడల్లోని పొటాషియం-40 ఇచ్చే 1461 రేఖ జరగకుండా ఉందో లేదో చూస్తుండాలి. న్యూట్రాన్లు ఎక్కువైన ప్రయోగాల తర్వాత శిఖరాలకు తక్కువ శక్తి వైపు తోక వస్తే స్ఫటికం దెబ్బతింటున్నట్టు లెక్క.

ఎలక్ట్రానిక్స్ సాధన

ఇందుకు కళాశాల ల్యాబులే సరిపోయాయి. రెండు సోడియం అయోడైడ్ డిటెక్టర్లను ఎదురెదురుగా పెట్టి సోడియం-22 సోర్సు నుంచి వచ్చే 511 కెఇవి జంటలను కోయిన్సిడెన్స్‌లో, అంటే రెండిట్లో ఒకేసారి, పట్టడం, ఒకదాన్ని 90 డిగ్రీలకు తిప్పి జంటలు పడిపోవడం చూడటం విద్యార్థులందరికీ తప్పనిసరి అభ్యాసం. యాదృచ్ఛిక జంటలు ఎంతో కూడా లెక్కగట్టించాం. ఒక్కో డిటెక్టర్‌లో సెకనుకు 1,000 పల్సులు, విభేదన కాలం (రెండు పల్సులు ఒకేసారి వచ్చినట్టు లెక్కించే వ్యవధి) 100 నానోసెకన్లు అయితే అవి సెకనుకు 0.2. ఆర్‌జి-58 కేబుల్ మీటరుకు 5 నానోసెకన్ల ఆలస్యం ఇస్తుంది కాబట్టి పొడవు రాసిన చీటీ రెండు చివరలా అంటించాలి. 50 ఓమ్ టర్మినేటర్ మరిస్తే పల్సు తిరిగొచ్చి రెండుసార్లు లెక్కకెక్కుతుంది. ఆసిలోస్కోపులో 50 హెర్ట్జ్ అల కనబడితే ఎలక్ట్రానిక్స్ ఉండే క్రేట్లన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు, ఒకే ఎర్తింగ్ ఇచ్చి చూడండి.

రేడియేషన్‌ను లెక్కించే జీఎం (గైగర్-ముల్లర్) ట్యూబుల తరగతిలో గూడూరు, సైదాపురం మైకా ప్రస్తావన పిల్లలను బాగా ఆకట్టుకుంది. ట్యూబు ముందు కిటికీ చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మైకా పొర. గాలి ఆపుతుంది, ఆల్ఫాను లోపలికి రానిస్తుంది. ఇన్ని గుణాలున్న రాయి మన నేలలో దొరకడం మనకు గర్వకారణం.

ఇతర విషయాలు

రేడియోధార్మిక సోర్సులను ఎవరూ రైల్లో తీసుకెళ్లకూడదు. అక్కడి కేంద్రంలోనే అడిగి తీసుకోవాలి. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి లేనివారికి బీమ్ హాల్లో ప్రవేశం ఉండదు కాబట్టి పేర్లు ముందుగానే పంపాలి. జమాఖర్చుల పట్టిక సభ్యులకు విడిగా అందుతుంది.

వచ్చే ఏడాది ఆవిరి పద్ధతిలో టార్గెట్ తయారీపై శిక్షణ ఉంటుంది. తేమ తగ్గే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టాలని కార్యవర్గం ఆలోచన. డెసికేటర్, మైక్రోబ్యాలెన్స్ అరువివ్వగల కళాశాలలూ, హాజరు కాదలచిన విద్యార్థులూ సంక్రాంతి లోపు కార్యదర్శికి తెలపాలి.