బజారుకొచ్చిన ఆడమనిషిని ఇంకో గంట ఉండనివ్వండి

రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

విజయనగరం గంటస్తంభం దగ్గర్లో మ్యాచింగ్ సెంటర్ నడుపుకునే ఒకావిడ నమస్కరించి రాయునది.

అయ్యా,

మా కొట్టు వెడల్పు 8 అడుగులు. మా మామగారు 1978లో పెట్టారు. గోడల నిండా జాకెట్టు గుడ్డల తానులు, ఒక మూల ఫాల్స్, లైనింగులు, లోలంగాలు. అంతే మా ఆస్తి. ఊళ్ళో పాత బజారు బాగుందా, పోతోందా అని పెద్దవాళ్ళు మీటింగుల్లో వాదించుకుంటూ ఉంటారు. ఒకాయన, రద్దీ చూడండి, కాలు పెట్టే సందు లేదు, ఇంకేం కావాలంటారు. ఇంకొకాయన, కొట్లవాళ్ళు ఈగలు తోలుకుంటున్నారంటారు. ఇద్దరిదీ నిజమే. రోడ్డు నిండా జనం, కొట్లో బోణీ ఉండదు. ఈ రెండూ ఒక్కచోటే ఎలా జరుగుతున్నాయో, గల్లాపెట్టె వెనక కూర్చున్నదాన్ని కాబట్టి, నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు మా పని ఎలాంటిదో చెప్పాలి. ఒకామె చీర పట్టుకుని వస్తుంది. రామా గ్రీన్ కావాలంటుంది. మా దగ్గర రామా గ్రీన్ తానులు ఆరేడు ఉంటాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. ట్యూబులైటు కింద అచ్చంగా సరిపోయింది ఎండలోకి తెస్తే తేలిపోతుంది. అందుకని తాను భుజాన వేసుకుని గుమ్మం దిగుతాం. వెలుతురు పడేచోట నిలబడి, చీర అంచు మీద గుడ్డ పరిచి, ఇద్దరం తల వంచి చూస్తాం. "కాస్త ముదురు కదమ్మా" అంటుంది. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. దారినపోయే ఆవిడ ఆగి, అడక్కుండానే, "అదే బావుంది, తీసేసుకో" అని తీర్పు చెప్పి వెళ్ళిపోతుంది. ఇంతా చేస్తే కొనేది 80 సెంటీమీటర్ల ముక్క. తర్వాత చీర అంచు కుట్టించడానికి పికో కుర్రాడికి ఇస్తుంది. అతను ఎప్పుడూ చెప్పేది ఒకటే: "గంటాగి రండమ్మా."

మా బజారు బతికింది ఆ గంట మీదే. ఆ గంటలో ఆవిడ గాజులు వేయించుకుంటుంది. స్టీలు గిన్నె బేరమాడి కొనకుండా వదిలేసి, వెనక్కొచ్చి కొంటుంది. పిల్లాడి చెప్పులు, మొలతాడు, ఆకు వక్క, చెరుకు రసం. ఎవరి కొట్టుకీ ఆవిడ ప్రత్యేకంగా రాలేదు. అయినా అందరికీ పది రూపాయలు పడ్డాయి.

ఇప్పుడు ఆ గంట లేదు. "చీర మా ఊళ్ళోనే ఇచ్చుకుంటాంలే, ముక్క కోసియ్యమ్మా" అని లేచిపోతున్నారు.

ఆన్‌లైన్ వచ్చి మిమ్మల్ని తినేసిందా అని అందరూ అడుగుతారు. మిగతావాళ్ళ సంగతి చెప్పలేను గానీ నాకు మాత్రం అది మేలే చేసింది. ఫోన్లో చీర కొన్నవాళ్ళు జాకెట్టు గుడ్డ కోసం నా దగ్గరికే రావాలి. రంగు ఫోన్లో తెలియదు కదా. జిల్లా రెండు ముక్కలవడం దెబ్బే, ఒప్పుకుంటాను. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాక సాలూరు, కురుపాం వైపు వాళ్ళకి ఇక్కడి కలెక్టరాఫీసుతో పని లేకుండా పోయింది. పని మీద వచ్చి పనిలో పనిగా బజారు చేసుకునే బేరం అలా కొంత తగ్గింది. అది వాళ్ళకి మంచిదే, నేను ఏడవను. కానీ దగ్గరి ఊళ్ళవాళ్ళు, గంట్యాడ, బొండపల్లి, జామి, గుర్ల మనుషులు, వాళ్ళు వస్తూనే ఉన్నారు కదా. వచ్చి ఎందుకు పారిపోతున్నారు?

నిరుడు పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయిది పెళ్ళి చీర, వంకాయ రంగు, దగ్గర దగ్గర 11 జాకెట్లకి బేరం. నాకు పండగే. మూడో తాను తెచ్చేసరికి అమ్మాయి వాళ్ళమ్మ చెవిలో ఏదో అంది. ఆవిడ నా దగ్గరికి జరిగి, "అమ్మా, ఇక్కడెక్కడైనా బాత్రూం ఉందేటి?" అంది. మా సందు చుట్టుపక్కల ఆడవాళ్ళు వెళ్ళదగ్గ చోటు లేదు. ఒకచోట కట్టింది ఉంది గానీ దానికి తాళమే చూశాను తప్ప తలుపు తీసి ఉండగా చూడలేదు. కొట్లో ఉండేవాళ్ళం వెనక వీధిలో తెలిసినవాళ్ళింటికి వెళ్తాం. అక్కడికే తీసుకెళ్ళాను. దారిలో ఆ తల్లి, "బస్సెక్కిన కాణ్ణించి నీళ్ళు ముట్టలేదమ్మా, ఇందుకే" అంది. వెనక్కొచ్చాక కుర్చీలో కూర్చోలేదు. ఐదు ముక్కలు కోయించుకుని, మిగతావి మళ్ళీ చూద్దామని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఆ రోజు నుంచి చూస్తున్నాను. కొట్లో ఆడవాళ్ళు తొందరపడేది బస్సు కోసం కాదు.

2025 ఆగస్టు 15 నుంచి మీ ప్రభుత్వమే స్త్రీ శక్తి పేరుతో ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసింది. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఆర్టీసీ బస్సు కాంప్లెక్స్ దగ్గర దిగే ఆడవాళ్ళు పెరిగారు, నా కళ్ళతో చూశాను. ఆ పథకానికి దణ్ణం పెడతాను, ఇందులో వెటకారం లేదు. కానీ ఊరి నుంచి విజయనగరం దాకా చేతి డబ్బు పడకుండా వచ్చిన మనిషి కాంప్లెక్స్ నుంచి గంటస్తంభానికి ఆటోకి 20 రూపాయలు పెట్టాలి. పెట్టి వచ్చాక కూర్చునే బల్ల లేదు, తాగే నీళ్ళు లేవు, ఉన్నా తాగలేదు. ఇంటి గుమ్మం నుంచి తీసుకొచ్చి సరిగ్గా మా బజారు మొదట్లో వదిలేశారు.

పోటీ సంగతి కూడా దాచను. పెద్ద రోడ్ల మీద నాలుగంతస్తుల బట్టల షోరూములు వచ్చాయి. తిట్టుకోవడానికి ఏముందో చూద్దామని నేనూ మా ఆడపడుచూ ఒకదాంట్లోకి వెళ్ళాం. ఏసీ, లిఫ్టు, బండి పెట్టుకోవడానికి కింద సెల్లారు, అడగ్గానే మంచినీళ్ళు, ప్రతి అంతస్తులో శుభ్రమైన బాత్రూం. మూడు గంటలున్నాం. అవసరం లేని చీరలు రెండు కొన్నాను. ధర తక్కువని కాదు, అంతసేపు ఉన్నాను కాబట్టి కొన్నాను. వ్యాపారం చేసేదాన్నయ్యుండీ ఆ సంగతి ఆ రోజే తెలిసింది నాకు.

మా పాత బజారు బళ్ళ కోసం కట్టింది కాదు. కోటకి 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేశారు. గంటస్తంభం 1885 నాటిది, 8 పలకల కట్టడం, ఎత్తు 68 అడుగులు. నడిచొచ్చేవాడు దూరం నుంచి తలెత్తి టైము చూసుకోవడానికి కట్టింది. ఏడాదికోసారి ఈ ఊరికి ఆ పాత నడక గుర్తొస్తుంది. విజయదశమి వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుంది. ముందు రోజు తొలేళ్ళు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందు నడుస్తుంటే, చింతమాను కొసన పూజారి కూర్చుని గుడి నుంచి కోటకి మూడుసార్లు వెళ్ళొస్తాడు. ఆ రోజు ఈ వీధుల్లో బండి ఉండదు. బారికేడ్లు, పోలీసులు, మంచినీళ్ళ పందిళ్ళు, తాత్కాలిక మరుగుదొడ్లు, అన్నీ వస్తాయి. మనిషి కోసం అన్నీ చెయ్యగలం అన్నమాట. బుధవారం పొద్దున్నకి అన్నీ విప్పేస్తారు.

మిగతా రోజుల్లో ఏ అధికారి వచ్చినా రోడ్డు వెడల్పు గురించే మాట్లాడతారు. వెడల్పు చేస్తే బళ్ళు ఇంకా తొందరగా వెళ్ళిపోతాయి. నాకు వెళ్ళిపోయే బండితో ఏం పని? ఆగే బండి కావాలి. స్కూటరు పెట్టుకోవడానికి బజారు మొదట్లోనూ చివర్లోనూ చెరో జాగా చూపిస్తే అక్కణ్ణించి నడుస్తారు. ఇప్పుడు నా గుమ్మం ముందు, నేను చీర పరిచి రంగు చూపించే ఆ కాస్త ఎండలో, ఎవరిదో బుల్లెట్ బండి పొద్దస్తమానం ఉంటోంది.

రోడ్డు మీద అమ్ముకునేవాళ్ళ గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. మా మెట్టు పక్కన పూలు అమ్మే అప్ప ఉండేది. దారికి అడ్డమని కొట్లవాళ్ళం అర్జీ పెడితే నేనూ సంతకం పెట్టాను. ఆవిణ్ణి లేపేశారు. వారం తిరక్కుండా తెలిసొచ్చింది, పూల కోసం ఆగినవాళ్ళే తలెత్తి నా కొట్టు వైపు చూసేవారని. ఇప్పుడు నేనే పిలిచి కూర్చోబెట్టాను. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం చదివించుకున్నాను. సర్వే చేసి, జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకి చోటు చూపించాలని, కమిటీలో నూటికి 40 మంది వాళ్ళే ఉండాలని అందులో ఉంది. ఎవరి చోటు ఎక్కడో గీత గీసి చూపించండి చాలు. వాళ్ళూ మేమూ రోజూ తిట్టుకోనక్కర్లేదు.

2020లో మా ఊరి పాత గుర్తు, మూడు లాంతర్ల స్తంభం తీసేసినప్పుడు ఊరంతా గగ్గోలు పెట్టాం. నేనూ బాధపడ్డాను. ఆ చుట్టుపక్కలకి రోజూ వచ్చే ఆడవాళ్ళ ఇబ్బంది గురించి మాత్రం ఇన్నేళ్ళలో మేమెవ్వరం నోరెత్తలేదు. అడగడానికి సిగ్గు. ఆ సిగ్గు ఖరీదు ఎంతో మా గల్లాపెట్టెకి తెలుసు.

అందుకని సిగ్గు పక్కనపెట్టి అడుగుతున్నాను. గంటస్తంభానికీ కోటకీ మధ్య ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కావాలి. కట్టి రిబ్బను కత్తిరించడం కాదు, నీళ్ళు, లైటు, గడియ, పసిబిడ్డకి పాలిచ్చే మూల, పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా ఒక ఆడమనిషి కాపలా. నడపడం మెప్మా వాళ్ళ మహిళా పొదుపు సంఘాలకి ఇవ్వండి, మనిషికి 5 రూపాయలు తీసుకోనివ్వండి. మా వరస కొట్లవాళ్ళం నెలకి తలా 200 వేసుకుంటాం. నేను అందరినీ అడిగాను. ఒప్పుకోనివాళ్ళు ఇద్దరే, వాళ్ళ సంగతి వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళే చూసుకుంటారు. దాంతో పాటు కాంప్లెక్స్ నుంచి బజారు మీదుగా తిరిగే ఒక చిన్న బస్సు వేయించమని రవాణా శాఖ వారికి ఒక మాట చెప్పండి.

నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమానికి ఏదో ఒక ఊరు వెళ్తారు కదా, ఈసారి మా బజారుకి రండి. కాన్వాయ్ కాంప్లెక్స్ దగ్గర వదిలేసి, మీ ఇంటావిణ్ణి కూడా తీసుకుని నడిచి రండి. ఆవిడ తెచ్చిన చీరకి రంగు నేను కలుపుతాను, పికోకి ఇచ్చి గంటాగుదురు గాని. బయల్దేరే ముందు మాత్రం ఇద్దరూ చెరో రెండు గ్లాసుల మజ్జిగ తాగి రండి.

ఇట్లు,
మ్యాచింగ్ సెంటర్ ఆవిడ,
గంటస్తంభం దగ్గర, విజయనగరం.