జూన్ 13: ఆండ్రూ మైనార్‌స్కీ స్మరణ

సభ్యులందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంపై మన చర్చ ఎప్పుడూ సేనానుల చుట్టూనే తిరుగుతోంది కనుక, ఈసారి ఒక బాంబర్ విమానంలోని గన్నర్‌ను (తుపాకులు పేల్చే సైనికుణ్ని) తలచుకోవాలని నా కోరిక.

ఆండ్రూ మైనార్‌స్కీ కెనడాలోని విన్నిపెగ్‌లో పోలండ్ నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టాడు. తండ్రి పోయాక ఇల్లు గడవడానికి తోలు కత్తిరించే పని చేసి, 1941లో వైమానిక దళంలో చేరాడు. 1944 జూన్ 12 రాత్రి ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డులపై దాడికి బయలుదేరిన వారి లాంకాస్టర్ విమానాన్ని జర్మన్ యుద్ధవిమానం కాల్చడంతో మంటలు లేచాయి. దూకేయమని పైలట్ ఆజ్ఞాపించాడు. అయితే తోక గన్నర్ పాట్ బ్రోఫీ కూర్చున్న తుపాకీ గూడు, దాన్ని తిప్పే హైడ్రాలిక్ గొట్టాలు తెగిపోయి, కదలకుండా బిగుసుకుపోవడం చూసిన మైనార్‌స్కీ మంటల్లోంచి పాకుతూ వెళ్లి, గొడ్డలితోనూ ఆ తర్వాత ఒట్టి చేతులతోనూ దాన్ని తెరవడానికి పెనుగులాడాడు. ఇక లాభం లేదు, వెళ్లిపొమ్మని బ్రోఫీ సైగ చేశాకే వెనుదిరిగాడు. దూకే ముందు, ఒంటిమీద బట్టలు కాలుతుండగానే, మిత్రుడికి సెల్యూట్ చేశాడు. నేలకు చేరినా కాలిన గాయాలతో మరణించాడు, వయసు 27.

విచిత్రమేమంటే, విమానం కూలినప్పుడు బ్రోఫీ బయటికి విసిరివేయబడి బతికాడు. అతని సాక్ష్యం వల్లే 1946లో మైనార్‌స్కీకి బ్రిటిష్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ ప్రకటించారు. బ్రోఫీ ఆ గూట్లోనే చనిపోయి ఉంటే ఈ కథ మనదాకా వచ్చేదే కాదు. మైనార్‌స్కీ సమాధి ఫ్రాన్స్‌లోని మెహారికూర్ గ్రామంలో ఉంది.